ఒళ్ళో చేతులు

సంకటి కెలుకుతుంటే ఫోన్ మోగింది. తియామికే దాన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, తెడ్డు ఆపకుండానే మాట్లాడింది. మొక్కజొన్నకు కత్తెర పురుగు ఏ ఊళ్ళో పడబోతోందో ముందే చెప్పే ప్రోగ్రామ్ ఆమె రాసిందే. జొంబాలోని వ్యవసాయ పరిశోధన ఆఫీసులో అది ఆగినప్పుడల్లా, అక్కడ ఆమెతో పనిచేసే కొండ్వాని ఆమెకే ఫోన్ చేస్తాడు. సంకటి ఉండలు కట్టింది. "రేపట్నించి వంట కూడా ఫోన్లోనే వండిపెట్టు తల్లీ" అంది అత్తగారు, గోడకి చెబుతున్నట్టు.

నిధులిచ్చేవాళ్ళు ఒక ప్రణాళిక అడిగారు. ప్రోగ్రామ్‌ని ఎలా పెంచుతారు, ఇతరులకెలా పంచుతారు, పథకం ముగిశాక ఎవరు చూసుకుంటారు అని. మీటింగులో చివరిదానికి పెద్దాఫీసరు చిమ్వాజా ఆమె పేరు రాసేశాడు. పథకంతోపాటు తన ఉద్యోగమూ పోతుందని ఆమె మెల్లగా గుర్తుచేసింది.

"అయితే ఏమమ్మా? కన్నతల్లి ఉండగా బిడ్డకి ఆయాని వెతుకుతామా?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. పచ్చి బాలింతగా ఉన్నప్పుడు కూడా, బిడ్డకి పాలిస్తూ ఆ ప్రోగ్రామ్‌ని సరిచేసింది. అది ఎవరికీ గుర్తులేదు. ఆమె ఎవరికీ చెప్పని మాట ఇంకొకటుంది. ఇంట్లో అందరూ ఆమెని బిడ్డ పేరుతో తదాలా వాళ్ళమ్మ అనే పిలుస్తారు. ఆ ఫోన్లే రాకపోతే రోజంతా తనని పేరుపెట్టి పిలిచే మనిషే ఉండడు.

అయినా ప్రోగ్రామ్‌ని నడిపే పద్ధతంతా రాసింది. రాసింది సరిపోతుందో లేదో తేలాలంటే వేరేవాళ్ళు చదివి నడపాలి, రాసినవాళ్ళు పక్కనే కూర్చుని నోరు మెదపకూడదు. మర్నాడు పొద్దున కొండ్వాని అది చదివి నడపడానికి కూర్చున్నాడు. వర్షపాతం లెక్కల దగ్గర చిక్కుకుని ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె చెయ్యి మౌస్ వైపు దానంతటదే పోయింది. వెనక్కి తీసుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. అతను తడబడిన చోటల్లా తన రాతని సరిదిద్దింది గాని అతని పని చెయ్యలేదు. మధ్యాహ్నానికి తెరమీద, పురుగు పడబోయే ఊళ్ళు చూపే ఎర్రచుక్కల పటం విచ్చుకుంది.

"ఓస్, ఇంతేనా" అని కొండ్వాని టీకి లేచిపోయాడు.

ఆమె ప్రణాళికలో తన పేరు కొట్టేసి అతని పేరు రాసింది.

ఆ సాయంత్రం ఫోన్ మోగలేదు. సంకటి నున్నగా కుదిరింది. పాడయిందేమోనని ఫోన్ తీసి చూసుకుంది. బాగానే ఉంది. ఇన్నేళ్ళూ వాళ్ళకి కావలసింది ప్రోగ్రామ్ నడవడమే గాని, తియామికే అనే మనిషి కాదు.

భర్త లింబాని చాపమీద కూర్చుని, ఎప్పటిలాగే ఇటు చూడకుండా, తినేముందు కడుక్కోడానికి నీళ్ళు పొయ్యమన్నట్టు చేతులు చాపాడు. కాసేపటికి "చెంబేదీ?" అన్నాడు.

తియామికే రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. కొండ్వానికి పట్టినంతసేపు ఇతనికీ పట్టొచ్చు. చివరికి అతనే లేచి, వంటింట్లో చెంబుకోసం ఒక్కో గిన్నే కదిలిస్తున్న చప్పుడు వింటూ, నోరు మెదపకుండా కూర్చుంది.