నొప్పి బేరం

మా దుకాణంలో చీర మడత విప్పి చూపించరు, విసురుతారు. మడతను కుడిచేత్తో పట్టుకుని భుజం పైనుంచి ఒక్క ఊపు ఊపితే చీరంతా గాలిలో తేలి, అంచు వెళ్లి కొనేవాళ్ల ఒళ్లో పడాలి. నయాపూల్ దగ్గర మా తాత పెట్టిన దుకాణం అది. ఆ ఊపు మా తాతది, తర్వాత మా నాన్నది, ఆ తర్వాత నాది. ఈ వేసవి నుంచి నా కుడిచెయ్యి చెవిదాకా లేవడం మానేసింది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. నా కొడుకు వరుణ్ నన్ను గల్లా దగ్గర కూర్చోబెడతాడు. గల్లా దగ్గర కూర్చున్న పెద్దమనిషికి చాయ్ వస్తుంది, మర్యాద వస్తుంది, చీర మాత్రం చేతికి రాదు. అది తలుచుకుంటేనే భయం వేసేది. అప్పటికే వాడు నన్ను ఒక్క మాట అడక్కుండా మంచి పట్టుచీరలన్నీ పై అరల్లోంచి కింది అరల్లోకి మార్పించాడు. పెత్తనం మొదలుపెట్టాడని మండిపోయి వాడితో మాటలు మానేశాను.

దువ్వెనను తల దగ్గరికి తీసుకెళ్లలేక, తలనే దువ్వెన దగ్గరికి వంచుతుండగా కోడలు రశ్మి కంటపడ్డాను.

"మామయ్యా, సైదాబాద్‌ల మసాజ్ సెంటర్ ఉన్నది. మా అమ్మ మెడకు ఆడనే నయమైంది. ఆదివారం ఫలక్‌నుమా వాళ్లు పెండ్లి చీరలకు వస్తున్రు, యాదున్నదా?" అంది.

ఎందుకు లేదు? మా నాన్న కాలం నుంచి వాళ్ల ఇళ్లలో పెళ్లిచీర మా దగ్గరిదే. వాళ్ల ముందు చెయ్యి లేవకపోతే నా పని అయిపోయినట్టే. వరుణ్‌కి చెప్పొద్దని రశ్మి దగ్గర మాట తీసుకుని వెళ్లాను.

మసాజ్ అంటే నాకు తెలిసింది మంగలి దుకాణంలో చంపీ. తలమీద నూనె పోసి, తబలా వాయించి, మెడ పట్టుకుని టక్కుమనిపిస్తాడు. ఇక్కడ డానియేలు అనే మనిషి నన్ను ముట్టుకోలేదు సరికదా, డాక్టరులా ప్రశ్నలు మొదలుపెట్టాడు. బీపీ ఉందా, షుగర్ ఉందా, ఏ గోలీలు వేసుకుంటారు, ఎప్పుడైనా కిందపడ్డారా. అన్నీ అయ్యాక పద్ధతి చెప్పాడు.

"అంగి, బనీను తీసి బోర్ల పండుకోండ్రి సేట్. పైన టవల్ కప్పుకోండ్రి. పనిచేసే జాగ ఒక్కటే నేను తీస్త. బయట ఉంట, తయారైనంక పిలువుండ్రి. నొప్పైతే చెప్పుండ్రి, ఆపుమంటే ఆపుత."

మా గల్లీలో నేను బనీను లేకుండా తిరగడం చూడనివాళ్లు లేరు. అయినా నా మర్యాద కోసం ఆయన గది బయట నిలబడ్డాడు. బల్లకు ఒక చివర మొహం పట్టేంత గుంత ఉంది. అందులో మొహం పెట్టి పడుకుంటే నేల పలకలు, డానియేలు మేజోళ్లు తప్ప ఇంకేమీ కనిపించవు.

"నొప్పి పదిలో ఎంత ఉంటది సేట్?" అని అడిగాడు.

మా ఇళ్లలో పిల్లలకు మాటలు రాకముందే నేర్పే పాఠం ఒకటి ఉంది. అంకె మన నోటి నుంచి మొదట రాకూడదు.

"నువ్వే చెప్పు తమ్మీ," అన్నాను.

"మీ నొప్పి నాకెట్ల తెలుస్తది?"

"అయినా ఒక మాట అను."

"ఆరు ఉండొచ్చు."

"ఆరు ఎక్కడిది. రెండు."

రెండన్నాను కాబట్టి గట్టిగానే ఒత్తాడు. నూనె గోరువెచ్చగా ఉంది, వేళ్లు మాత్రం మేకుల్లా దిగుతున్నాయి. ఇప్పుడెంత అన్నాడు. పళ్లు బిగబట్టి రెండున్నర అన్నాను. ఎక్కువ చెబితే ఎక్కువ రోజులు రమ్మంటాడని ఒక లెక్క, మాట పొక్కి వరుణ్ దాకా పోతుందని ఇంకో లెక్క.

డానియేలు చేతులు తీసేశాడు. "సేట్, మీరు రెండున్నర అంటున్రు. మీ కాలివేళ్లు ఎనిమిది అంటున్నయి."

అప్పుడు తెలిసింది, వేళ్లు పదీ ముడుచుకుని ఉన్నాయి. నేను బతుకంతా చేసిన పని అదే. కొనేవాళ్ల మాట వినను, వేళ్లు చూస్తాను. నచ్చిన చీర అంచును బొటనవేలు దానంతటదే రుద్దుతుంది. అలాంటివాణ్ణి కాళ్ల దగ్గర దొరికిపోయాను.

"ఇది బేరం కాదు సేట్. మీరు తక్కువ చెప్తే నేను ఎక్కువ ఒత్తుత. నష్టం మీ భుజానికే," అన్నాడు మెల్లగా.

మొహం గుంతలో ఉంది. ఎదురుగా చూసేవాడు ఎవడూ లేడు. "ఎనిమిది," అన్నాను. తర్వాత నోరు ఆగలేదు. చీర విసురు, ఆదివారం, గల్లా, కొడుకు మీద కోపం, అన్నీ ఆ నేల పలకలకు చెప్పేశాను. ముక్కు చివర నుంచి ఒక చుక్క రాలింది. డానియేలు చూశాడో లేదో తెలియదు. మెడ నుంచి రెక్క దాకా నెమ్మదిగా పిసుకుతూ, ఇప్పుడెంత, ఇప్పుడెంత అని అడిగాడు. ఆరు అన్నాను, అయిదు అన్నాను. ఒక్కటి కూడా అబద్ధం కాదు.

లేచి కూర్చున్నాక గ్లాసుడు నీళ్లు ఇచ్చాడు. చెయ్యి ఎత్తితే చెవిదాకా వెళ్లింది, అంతకు మించి వెళ్లలేదు.

"రేపు జర సలుపుతది, ఫికర్ చెయ్యకుండ్రి. ఒక్కసారికి అయ్యేది కాదు. ఎముకల డాక్టరుకు గూడ చూపియ్యుండ్రి. అప్పటిదాక ఇసురుడు బంద్."

"ఎన్ని రోజులు బంద్?"

"మొదలు మీరు చెప్పుండ్రి," అన్నాడు నవ్వుతూ.

ఆదివారం ఫలక్‌నుమా వాళ్లు వచ్చి పరుపు మీద కూర్చున్నారు. పెళ్లికూతురి నానమ్మ చంద్రమ్మ ముందుంది. నేను కింది అరలోంచి ఆకుపచ్చ పట్టుచీర తీసి నిలబడ్డాను. వరుణ్ పక్కకు వచ్చాడు.

"నాన్నా, చెయ్యి ఎట్లున్నది?"

రశ్మి మాట తప్పిందనుకున్నాను. "నీకెవరు చెప్పిన్రు?"

"ఎవ్వరు చెప్పలే. ఎండకాలం నుంచి చూస్తున్న. పై అర దిక్కు చూసి, కింది అరల చీరనే మంచిగున్నదని తీస్తున్రు. అందుకే మంచియన్నీ కిందికి పెట్టిచ్చిన. అడిగితే కోపానికొస్తరని అడగలే."

నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా సంతోషం వేసింది.

"పదిలో అయిదు," అన్నాను. ఆ అంకె మొదట నా నోటి నుంచే వచ్చింది. చీర వాడి చేతికిచ్చాను. "నువ్ ఇసురు."

విసిరాడు. చీర తేలింది కానీ అంచు ఒళ్లో పడలేదు, మోకాళ్ల దగ్గరే ఆగిపోయింది. నేను వంగి ఎడమచేత్తో కొస పట్టుకుని చంద్రమ్మ ఒళ్లోకి జరిపాను.

"రంగు గంత మంచిగ లేదు సేటూ. ఇంకోటి తియ్యి," అంది చంద్రమ్మ మొహం ముడిచి.

ఆమె బొటనవేలు అంచును రుద్దుతోంది. వరుణ్‌కి సైగ చేద్దామని తిరిగాను. వాడు అప్పటికే ఆ వేలివైపే చూస్తున్నాడు.

నేనే వెళ్లి గల్లా దగ్గర కూర్చున్నాను. చాయ్ వచ్చింది. బాగుంది.