మళ్లీ అదే పనస

మిరపకాయల తొడిమలు తీస్తున్న వెంకాయమ్మ చెయ్యి ఆగింది. వసారాలో భర్త జానకిరామయ్య వేదం వల్లిస్తున్నాడు. రెండు పనసల్లో, అంటే యాభేసి పదాల రెండు వేదభాగాల్లో, ఒకే మాటలు వచ్చే చోటు అది. రెండోసారి వచ్చినప్పుడు ముందుకు సాగాలి. ఆయన వెనక్కి, మొదటి పనసలోకి వెళ్లిపోయాడు. తిరిగి అక్కడికే వచ్చాడు. మళ్లీ వెనక్కే.

ఆడవాళ్లు వేదం పలకకూడదంటారని ఆమె ఏనాడూ నోటితో అనలేదు గానీ, నలభై ఏళ్లుగా వంటింట్లోంచి విన్న చెవికి అంతా వచ్చు. మూడోసారి కూడా ఆయన వెనక్కి మళ్లబోతుంటే, నీళ్లకని ఆమె అందుకున్న చెంబు చేతిలోంచి జారి గచ్చు మీద పడింది. ఆయన ఉలిక్కిపడి ఆగాడు. తర్వాత సరైన పనస అందుకున్నాడు.

మర్నాటి నుంచి అద్దంకి గుళ్లో మూడు రోజుల పారాయణ. ఆయన ముందు చెబితే పన్నెండుమంది శిష్యులు గొంతు కలుపుతారు. వెళ్లొద్దని చెప్పాలనుకుంది. కానీ గుళ్లో ఆ గురువు పీట మీద కూర్చోవద్దంటే ఆయన ఇక మంచం మీంచి లేవడు. చెప్పలేకపోయింది.

గుళ్లో ఆ చోటు రానే వచ్చింది. ఆయన వెనక్కి మళ్లాడు. ఆయన వెంట పన్నెండు గొంతులూ వెనక్కి మళ్లాయి. పెద్ద శిష్యుడు రఘురామ్ ఒక్క క్షణం కళ్లు తెరిచి గురువు వంక చూశాడు. మళ్లీ మూసుకున్నాడు.

ఆడవాళ్ల వరసలో కూర్చున్న వెంకాయమ్మ వెంట తెచ్చుకున్న చెంబు మీద చెయ్యి వేసింది.

పక్కన కూర్చున్న సుబ్బరావమ్మ పొలం పని మానుకుని వచ్చింది. "ఎంత బాగా కలిసిందండీ అమ్మగారూ, అందరిదీ ఒకటే గొంతు," అంది. ఆ మాట పూర్తయ్యేలోపే రెండోసారీ అందరూ వెనక్కి వెళ్లిపోయారు.

మూడోసారి వెంకాయమ్మ చెంబును నేలకేసి కొట్టింది.

అందరి తలలూ ఇటు తిరిగాయి. "చెంబు మీద ఏం కోపమండీ," అని సుబ్బరావమ్మ నవ్వింది. అవతల పారాయణ ముందుకు సాగిపోయింది.

సాయంత్రం ఆటోలో ఆయన ఆమె వైపు తిరిగాడు.

"ఇవాళ ఎన్నిసార్లు వెనక్కి తిరిగానే?"

"ఒక్కసారే."

"రెండు. రెండోసారి నాకు తెలుస్తూనే ఉంది. ఆగుదామంటే వెనక అంతమంది తోసుకొస్తున్నారు."

ఆయన ఆమె ఒళ్లోని చెంబు తీసుకుని సొట్ట మీద బొటనవేలితో రాశాడు.

"రేపు ఇంకొంచెం దగ్గరగా కూర్చో," అన్నాడు.