దొరవారి భోజనం

దొరవారు మళ్ళీ ముట్టలేదు. గాజుతొట్టెలో నాచు మీద, నల్లటి ఒంటిపై పసుపు మచ్చలతో, నూనె రాసుకున్న బల్లిలా పడుకునే ఆ సాలమాండర్‌కి ఆ పేరు పెట్టింది పిల్ల కన్నతల్లి. ఆవిడ పోయింది. దాన్ని మేపే పని ఇప్పుడు నాన్న రెండో పెళ్ళితో ఇంటికి కొత్తగా వచ్చిన పిన్ని నెత్తిన పడింది.

పిన్ని ఆసుపత్రి క్యాంటీన్‌లో వంటమనిషి. ఏదైనా శుభ్రంగా కడిగి, ఉడికించి, మెత్తగా చేసి పెట్టడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఆ అలవాటు కొద్దీ వానపాముల్నీ వదల్లేదు. ముక్కు మూసుకుని కడిగింది, వేడినీళ్ళలో వేసింది, సన్నగా తరిగి ఓ మూతలో పెట్టింది. దొరవారు అటు కన్నెత్తి చూస్తే ఒట్టు! మాంసం కీమా పెట్టినా, గుడ్డు పెట్టినా అదే మర్యాద. తెల్లారేసరికి అన్నీ కంపు కొట్టేవి. జంతువు డొక్కలు లోపలికి పోయాయి, తోక సన్నబడింది. అమ్మ అంత ముద్దుగా పెంచుకున్న ప్రాణి తన చేతుల్లో పోతే, ఈ పిల్ల జన్మలో తనను దగ్గరికి రానివ్వదని పిన్ని భయం. ఆ బెంగతో ఆమెకే ముద్ద దిగడం లేదు.

పిల్ల మాత్రం గుమ్మంలో నిలబడి చూసేది.

ఓ సాయంత్రం పిన్ని తొట్టె ముందు చతికిలబడింది. "ఏం పెట్టమంటావయ్యా? నోరు విప్పి చెప్పు, చేసి పెడతాను," అంటూ బావురుమంది.

"అది చచ్చినవి తినదు," అంది వెనక నుంచి పిల్ల.

పిన్ని తిరిగి చూసింది.

"కదిలితేనే అది తిండని దానికి తెలుస్తుంది. అమ్మ ఎప్పుడూ ప్రాణంతో ఉన్న పురుగులే వేసేది." పిల్ల తొట్టె దగ్గరికి వచ్చింది. "నాకు ముందే తెలుసు. ఇది చచ్చిపోతే నాన్న మిమ్మల్ని పంపించేస్తాడనుకున్నా. మరీ ఇంత చిక్కిపోతుందనుకోలేదు."

పిన్నికి ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి?

"నా మీద కోపముంటే నన్ను తిట్టు, నా కంచం లాగెయ్. నోరులేని దాని కడుపు మాడుస్తావా? పద, పూలకుండీ తవ్వు!"

ఇద్దరూ చెరో చెంచాతో తడిమట్టి తవ్వారు. దొరికిన వానపామును పిన్ని కళ్ళు గట్టిగా మూసుకుని తొట్టెలో జారవిడిచింది. అది మెలికలు తిరిగింది. దొరవారి తల మెల్లగా అటు తిరిగింది. ఒక్కో కాలూ ఆచితూచి వేస్తూ వచ్చి, గబుక్కున నోట కరుచుకున్నారు. నమలడం లేదు, మింగడమే. మింగుతుంటే కళ్ళు రెండూ గుంటల్లోకి దిగిపోయాయి.

"అయ్యో, కళ్ళు పోయాయే!"

"పోలేదు. వాటితోనే తిండి లోపలికి తోసుకుంటుంది," అంది పిల్ల ముక్కు ఎగబీలుస్తూ. నేల చూపులు చూస్తూ అడిగింది. "ఇప్పుడు మీ అంతట మీరే వెళ్ళిపోతారా?"

పిన్నికి ఎంత కోపమొచ్చిందో అంత జాలీ వచ్చింది.

"దొరవారికి ఇంకా ఆకలి తీరలేదు. ఎక్కడికి పోతానే నేను? తవ్వు."


పిల్ల కుండీ పక్కనే పిన్నికి ఆనుకుని కూర్చుని, తవ్వడం మొదలుపెట్టింది.