రేకు పలికే చోటు

ణంగ్. ణంగ్. ణంగ్. ఆ తరువాత ఒక్క 'బొద్'.

"అక్కడ పుచ్చు" అంది వంటింటి గోడ వెనకనుంచి ఒక గొంతు.

మేస్త్రి సుత్తి ఆపి, చెవి సందున దోపుకొన్న సుద్దముక్క తీసి, ఆ చోట గుండ్రంగా గీత గీశాడు. ఎండ ఇంకా తాటాకు పందిరి అంచు దాటి లోపలికి రాలేదు. పందిరి కింద, చక్రాలకు రాళ్ళు ఆనించుకొని, గంగులు పికప్ బండి ముసలి గేదెలా ఓపికగా నిలబడి ఉంది. దాని ఎడమ తలుపు ఊడి గోడకు చేరగిలబడింది. వెనక తొట్టి రేకులు అంచుల వెంట గోధుమరంగు పొరలుగా లేచి, వేలు తగిలితే చాలు, కాల్చిన అప్పడంలా రాలుతున్నాయి.

ముప్పై రెండేళ్ళు మేస్త్రి ఈ ధ్వనితోనే బతికాడు. గట్టి రేకు గంటలా పలుకుతుంది. తుప్పు తిన్న రేకు నానిన అట్టలా మూలుగుతుంది. రెండింటి నడుమనున్న వెంట్రుకవాసి తేడాను కళ్ళు మూసుకొని పట్టిన చెవి అతనిది. నరసన్నపేట దాటాక పెద్దరోడ్డు పక్కనున్న అతని షెడ్డు రోడ్డు వెడల్పులో పోయింది. పని ఇంటికి వచ్చింది. పని ఇంటికి వచ్చేసరికి చెవి వెళ్ళిపోయింది. సుత్తిదెబ్బలు విని విని అది మొదట సన్నని ధ్వనులను వదులుకొంది. పిచ్చుక పోయింది, సైకిలు గంట పోయింది, రేకు మోతలోని ఆ చివరి తీగ పోయింది. మనుషుల మాటలు, కొంచెం గట్టిగా అంటే, ఇంకా అందుతున్నాయి.

గరిటె పిలుపు కూడా అలాగే పోయింది. పెళ్ళయిన పాతికేళ్ళలో దేవమణి భర్తను పేరుపెట్టి పిలవలేదు. వాళ్ళ అమ్మ పిలవలేదు, అమ్మమ్మా పిలవలేదు. చర్చిలో బాప్తిస్మం తీసుకొన్నా ఆ అలవాటు మాత్రం నీళ్ళలో కలిసిపోలేదు. అన్నం వేళకు ఇత్తడి పళ్ళెం మీద గరిటెతో రెండు దెబ్బలు కొట్టేది. అదే పిలుపు. సండే స్కూల్లో, నీళ్ళలో మునిగిన గొడ్డలిని తేల్చిన ప్రవక్త కథ చెప్పవలసి వస్తే "ఆయన పేరేటర్రా?" అని పిల్లలనే అడిగేది. అది ఆమె పెనిమిటి పేరేనని తెలిసిన పిల్లలు పైకప్పు లేచిపోయేలా అరిచేవారు. ఆమె కొంగు నోటికి అడ్డుపెట్టుకొని నవ్వేది. ఆర్నెల్లుగా ఆ గరిటె మోత అతనికి అందడం లేదు. ఆమే నడిచివచ్చి మోచేయి తాకి వెళ్తోంది.

రేపు ఉదయం శ్రీకాకుళంలో బండికి ఫిట్‌నెస్ పరీక్ష. ఇన్‌స్పెక్టరు తాళంచెవితో రేకులన్నీ కొట్టి చూస్తాడని గంగులు విని వచ్చాడు. ఒక్కచోట 'బొద్' మన్నా కాగితం రాదు, బండి తుక్కుకు పోతుంది, దానితోపాటు అతని కూరగాయల బేరమూ పోతుంది. మేస్త్రికి పోయేది మరొకటి ఉంది. ఈ బండిని నిలబెట్టలేకపోతే సుత్తిని సంచిలో కట్టేస్తానని నిన్న భార్యతో అన్నాడు.

"కట్టేసి ఇంట్లో కూకుంటే నిన్ను బరించేదెవులు?" అంది దేవమణి. "నువ్వు కొట్టు. నేనింటాను."

అలా ఈ పొద్దు మొదలైంది. అతను కొట్టాడు, ఆమె విన్నది. ఆమె పుచ్చన్న చోటల్లా సుద్ద గీత పడింది, గీత వెంట ఉలి నడిచింది. తుప్పు రేకులు ఒక్కొక్కటే తెగి, గోడ వారన కుప్పపడ్డాయి. కొత్త రేకును పాత రైలుపట్టా ముక్క మీద పరిచి, కొయ్యసుత్తితో నిమురుతున్నట్టుగా వంచాడు. గ్యాస్ మంట నీలంగా సన్నబడింది. అతుకు వెంట ఇనుము కరిగి, కలిసి, చల్లబడింది. గరుకు తీసి, తుప్పు పట్టకుండా ఎర్రమందు పూసి, దానిమీద నీలంరంగు వేశాడు. మధ్యాహ్నానికి తొట్టి పూర్తయింది. అతను తనకు తెలియకుండానే ఈల వేస్తున్నాడు. ఆ ఈల దేవమణికి మాత్రమే వినబడుతోంది.

గంగులు వంకాయల సంచితో వచ్చేసరికి ఆలుమగలు పోట్లాడుకొంటున్నారు.

"తలుపు బిగించే స్తంభం కూడా పుచ్చే" అంటోంది దేవమణి, చింతపండు చేత్తోనే బయటికి వచ్చి.

"కాదు."

"పుచ్చే."

"ఒసే, అది నా సేతిపని. ఎనిమిదేళ్ళ కింద నేనే అతికినాను. నా పని పుచ్చనేదు."

"నీ సెయ్యయినా దొరగారి సెయ్యయినా పుచ్చు పుచ్చే. నా సెవి నీ పెళ్ళం కాదు, మొగమాటపడ్డానికి."

"అప్పా, పోనీ ఒగ్గీ. బావ మాట కాదనకు" అన్నాడు ఆమెకు తమ్ముడి వరసైన గంగులు.

"ఒగ్గీనా? రేపు ఇన్‌స్పెక్టరు దగ్గిర నీ బావ మాట సెల్తాదేటి?"

మేస్త్రి స్తంభం దగ్గరికి వెళ్ళాడు. బొటనవేలితో తడిమాడు. పైన రంగు నున్నగానే ఉంది. ఇంకోసారి కొట్టి అరచేయి ఆనించాడు. గట్టి రేకులా అది వణకలేదు. అప్పుడు ఉలి తీసుకొన్నాడు.

పైనున్న పుట్టీ సుద్దలా పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. లోపల బిగించి కుక్కిన ఒక కాగితం ఉండ. అతను దాన్ని విప్పాడు. పాత దినపత్రిక. తుప్పుమరకల నడుమ తేదీ ఇంకా కనబడుతోంది: రెండువేల తొమ్మిది, మే నెల.

"మెర్సీ పదో తరగతి పాసయిన రోజు" అంది దేవమణి, అతని భుజం మీదుగా చూసి.

అతనికి అంతా గుర్తొచ్చింది. కూతురు ఫస్టు క్లాసులో పాసయిందని షెడ్డుకు కబురు వచ్చింది. చేతిలో పని సగంలో ఉంది. కన్నంలో కాగితం కుక్కి, పైన పుట్టీ మెత్తి, రేపు విప్పి సరిగ్గా చేద్దామనుకొని మిఠాయి దుకాణానికి పరుగెత్తాడు. ఆ రేపటికి బండి దోసకాయలతో పలాస వెళ్ళిపోయింది. మెర్సీ ఇప్పుడు నర్సు. కాగితం మాత్రం అక్కడే ఉండిపోయింది.

"బావా," అన్నాడు మేస్త్రి గంగులుతో, తల ఎత్తకుండా, "ఎనిమిదేళ్ళు నిన్ను కాగితం బండి మీద తిప్పినాను."

గంగులు కాగితాన్ని చూశాడు, మేస్త్రిని చూశాడు. పొట్ట పట్టుకొని నవ్వడం మొదలుపెట్టాడు.

"ఆ రోజు నువ్వెట్టిన జాంగ్రీలు నాలుగు తిన్నాను కదేటి! లంచం తిన్నోణ్ణి, ఇప్పుడేటి తగువాడతాను?"

దేవమణి నవ్వింది. ఆఖరికి మేస్త్రీ నవ్వాడు. నవ్వుతూనే ఆ కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకొని, స్తంభం మొదలంటా కోసి, ఈసారి రేకు వేశాడు. రంగు కంటే ముందు ఎక్కడా పుట్టీ తగలనివ్వలేదు.

పొద్దు వాలేవేళకు తలుపు ఎక్కింది. గంగులు తాళంచెవి తీసి ఇన్‌స్పెక్టరులా మొహం బిగించి, బండి చుట్టూ కొట్టుకుంటూ తిరిగాడు. దేవమణి కళ్ళు మూసుకొని నిలబడింది. మేస్త్రి రేకు వైపు చూడలేదు, ఆమె ముఖం వైపే చూశాడు. స్తంభం దగ్గర గంగులు మూడుసార్లు కొట్టాడు. ఆమె పెదవులు మెల్లగా విచ్చుకొన్నాయి.

"గంట" అంది. "మన సర్చి గంటే."

"మా తోడల్లుడి ఆటో కూడా అంపుతాను బావా. దానికీ ఇద్దరూ ఉండాల" అని గంగులు బండెక్కి ఇంజను స్టార్టు చేశాడు. పొగ, దుమ్ము, నీలంరంగు వాసన. బండి సందులోంచి కదిలింది. మేస్త్రి దాని వెనకే వీధి చివరిదాకా నడిచి, అది పెద్దరోడ్డు ఎక్కి కనుమరుగయ్యేదాకా నడుముమీద చేతులు పెట్టుకొని నిలబడ్డాడు. ఆర్నెల్లుగా వంగిన ఆ వీపు ఇవాళ నిటారుగా ఉంది.

అన్నం వడ్డించి దేవమణి పందిరి కిందకు వచ్చింది. పాత అలవాటుగా పళ్ళెం మీద గరిటెతో రెండు దెబ్బలు కొట్టింది. కుళాయి దగ్గరి ఆడవాళ్ళు తిరిగి చూశారు. అతను తిరగలేదు. ఆమె రెండడుగులు వేసి ఆగిపోయింది. గరిటెను పళ్ళెంలో పెట్టి, పళ్ళాన్ని తుప్పురేకుల కుప్ప మీద పెట్టి, నోరు తెరిచి పిలిచింది.

అతను గిర్రున తిరిగాడు. కుళాయి కింద బిందె నిండి పొర్లుతున్నా ఎవరూ పట్టించుకోలేదు. ఆమె కొంగు నోటికి అడ్డుపెట్టుకోలేదు.

"ఏటన్నావు?" అన్నాడు అక్కడినుంచే. "వినబడనేదు."

"వినబడ్డాది నీకు!"

"నేదు. సెవులు పోయినోణ్ణి."

అతని ముఖమంతా నవ్వు. పాత రేకుల మీద, పళ్ళెంలో, గరిటె కదలకుండా పడి ఉంది. దేవమణి గుండెనిండా గాలి పీల్చుకొని, ఈసారి పెద్దరోడ్డు దాకా వినబడేలా పిలిచింది.

"ఎలీషా!"