ఒక్క నోటి పలక

నా కూతురు నన్ను అడగకుండా ఆడగుర్రాన్ని అమ్మి ట్యాబ్ కొన్నది. ఇది జరిగింది. దీనికి రెండో పక్షం లేదు.

ఆ గుర్రాన్ని నా భార్య సైరా సంవత్సరీకానికని మేపుతున్నాను. మా కొండ ఊరు ఆట్‌బాషిలో గుర్రం కోయని సంవత్సరీకానికీ జనం వస్తారు. తింటారు. గుమ్మం దాటుతూ ఒక మాట అంటారు. ఆ మాట మూడు తరాలు నిలుస్తుంది.

గుర్రం తనదేనని టోల్కున్ వాదన. తను పుట్టినప్పుడు మా నాన్న ఒక గుర్రప్పిల్ల చెవికి మనవరాలి పేరున గాటు పెట్టాడు. అమ్మింది దాని సంతానాన్ని. అది నిజమే. కూతురి వాటా కూతురిదే. అయినా అడగాలి. రాజధాని బిష్కెక్‌లో కూర్చుని మందకాపరికి ఫోన్ చేసి అమ్మించేయడాన్ని అడగడం అనరు.

బిష్కెక్‌లో తన పని పాటలకు సంగీతం కట్టడం. నాట్యబృందాలకు, రేడియోకు, పెళ్ళిళ్ళకు. చేతిలో ఉన్న కంప్యూటర్ చెడిపోయింది. సైరా పోయిన నలభయ్యో రోజు విందుకు ఇంటికి వచ్చి, సంచిలోంచి ఆ పలకను తీసి దుప్పటి మీద పెట్టింది. నేను దాన్ని పలక అనే అంటాను.

"ఎంత?" అన్నాను.

"ఎనభై నాలుగు వేల సోమ్‌లు."

"గుర్రం?"

"లక్షా పది. మిగిలినదాంతో మైకు, సౌండ్ కార్డు, హెడ్‌ఫోన్లు, వైర్లు పెట్టుకునే ఈ డబ్బా కొన్నా నాన్నా. ఇదే పని చేసే కంప్యూటరైతే గుర్రంతోపాటు దాని పిల్లని కూడా అమ్మాల్సొచ్చేది."

"పిల్లని మిగిల్చినందుకు నీకు దండం పెట్టమంటావా?"

"వద్దులే. నడుం పట్టేస్తుంది."

తల్లి నోరే దానికీ వచ్చింది.

పలకను తిప్పి చూశాను. దానికి ఒక్కటే కన్నం. కరెంటు పెడితే మైకు పెట్టడానికి చోటు లేదు, మైకు పెడితే కరెంటుకు చోటు లేదు.

"ఎనభై నాలుగు వేలకి ఒక్క నోరు. తింటే పాడదు, పాడితే తినదు."

"అందుకే ఈ డబ్బా. ఇది తగిలిస్తే నాలుగు నోళ్ళు. మొదట బజార్లో చవకది కొన్నాను, అన్నీ ఒకేసారి పెడితే చచ్చిపోయింది. దీనికి మూడింతలు పెట్టాను." అని చుట్టూ చూసింది. "అమ్మ ఫోన్ ఏదీ?"

"ఇచ్చేశాను."

"ఎవరికి?"

"బాత్మా అక్కకి."

టోల్కున్ చేతిలో వైరు ఉంది. దాన్ని చుట్ట చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది.

శవానికి స్నానం చేయించిన ఆడవాళ్ళకు పోయినవాళ్ళ వస్తువులు ఇవ్వడం మా పద్ధతి. బాత్మా అక్క ఆ స్నానానికి పెద్ద. తన మందతో కొండమేతకు ఎక్కుతోందని నలభయ్యో రోజుకు నాలుగు రోజుల ముందే ఆమె వాటా పంపాను. కోటు, రెండు తలగుడ్డలు, బూట్లు. పైన ఫోన్ కూడా పెట్టాను. ఇల్లంతా సైరా వస్తువులే. కంటికి కనబడకపోతే చాలనుకున్నాను.

ఆ ఫోన్‌లో సైరా పాటలున్నాయి. రాత్రి దొడ్డి దగ్గర తోడేళ్ళు రాకుండా కాపలా ఉంటూ ఆడవాళ్ళు పాడే పాటలు, పొదుగు నొప్పికి పిల్లను దగ్గరకు రానివ్వని గొర్రెను బుజ్జగించే పాటలు. వాళ్ళ అమ్మ దగ్గర నేర్చుకున్నవి. ఇంకెవరికీ రావు. కూతురు అడిగిందని చలికాలమంతా ఒక్కొక్కటీ ఫోన్‌లో పాడి పెట్టింది. మా లోయలో సిగ్నల్ ఉండీ లేనట్టు ఉంటుంది. పొడుగు పాటలు బయటికి పోలేదు. అవి ఆ ఫోన్‌లో తప్ప ఎక్కడా లేవు. ఇవన్నీ నాకు తెలుసు. ఇచ్చేటప్పుడు గుర్తు రాలేదు.

"వెళ్ళి అడుగుదాం నాన్నా."

"పోయినవాళ్ళ వస్తువు ఇచ్చాక అడగరు. అడిగితే కప్పిన గుడ్డ లాగినట్టు."

"నేనడుగుతా."

"ఇచ్చింది నేను. నువ్వడిగితే ఆమె ఇవ్వదు. ఇవ్వకూడదు కూడా."

"అయితే నువ్వే అడుగు."

"అడగను."

మూడు వారాలు అదే మాట మీద ఉన్నాను. టోల్కున్ కూడా బిష్కెక్ తిరిగి వెళ్ళలేదు. చావు ఇంట్లో సంవత్సరీకం దాకా వాద్యం మోగకూడదు. నా కోముజ్‌ను నేనే మేకుకు తగిలించి తీగలు గోడవైపు తిప్పాను. తను మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పలక మీద వేళ్ళు ఆడించేది. చప్పుడు ఉండదు గనక నేనేమీ అనలేకపోయాను. వైరు లేని హెడ్‌ఫోన్లు పనికిరావట. శబ్దం రెప్పపాటు వెనకబడి తాళం తప్పుతుందట.

పక్కింటి ముసలమ్మ మీగడ పట్టుకొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"తుర్దాలీ, మీ పిల్ల ఒక్కతే కూచుని తల ఊపుతోందిరా. దుఃఖం తలకెక్కినట్టుంది. నారిన్ తీసుకెళ్ళి డాక్టరుకు చూపించు."

"పని చేస్తోంది అవ్వా."

"ఏం పని? చేతులు ఖాళీగా ఉన్నాయి కదా!"

నేనూ ఆమె లెక్కలోనే ఆలోచించాను.

ఒకరోజు మధ్యాహ్నం టోల్కున్ టీ కాయడానికి లేచింది. పలక వెలుగుతూ ఉంది. దాని మీద కొండల వరసలాంటి గీత. చిన్న గీత. నా చూపుడు వేలంత.

"ఏమిటిది?"

"అమ్మ గొంతు. డిసెంబరులో నాకు పంపింది. నలభై సెకన్లు. ఇదొక్కటే నా దగ్గరుంది."

"మూడు వారాలూ దీని మీదేనా?"

"గాలి హోరు తీసేస్తున్నా. పంపేటప్పుడు నలిగిపోయింది, మళ్ళీ లేపుతున్నా. నాట్యబృందం వాళ్ళకి ఈ నెలాఖరులోగా అమ్మ పాటలతో కట్టిన సంగీతం పదకొండు నిమిషాలు ఇవ్వాలి. నలభై సెకన్లని ఎంత లాగినా పదకొండు నిమిషాలవుతుందా నాన్నా?"

ఏడవలేదు. నామీద అరవనూ లేదు. టీ సగం గిన్నె పోసి నా ముందు పెట్టింది. అది తాగి, ఇక చాలని గిన్నె బోర్లించాను.

"గుర్రాలకి జీను వెయ్యి" అన్నాను.

బాత్మా అక్క కొండమేత మా ఊరికి ఐదు గంటల దూరం. పలకను తన కోటులో చుట్టి టోల్కున్ ముందు పెట్టుకుంది. ఏమని అడగాలో దారంతా వెతుక్కున్నాను. దొరకలేదు.

అక్క గుడారం బయట పాలు పితుకుతోంది. మమ్మల్ని చూసి లేవలేదు.

"ఏరా తమ్ముడూ, దారి తప్పావా? పెళ్ళాం పోయాక ఎవరి గడపా తొక్కలేదన్నారు."

"దారి తప్పలేదక్కా."

"అయితే పనుంది. రా, కూచో. పిల్లా, నువ్వు చిక్కిపోయావే. మీ నాన్న తిండి పెట్టట్లేదా, మాటలే పెడుతున్నాడా?"

"మాటలు కూడా పెట్టట్లేదు పెద్దమ్మా."

అక్క నవ్వింది. లోపల పులిసిన గుర్రప్పాల కుమిస్ పోసింది, నూనెలో వేయించిన బోర్సోక్ పిండిముక్కలు గుడ్డ మీద కుమ్మరించింది. రెండు గిన్నెలయ్యాయి. మూడో గిన్నె పోస్తూ ఆగింది.

"చెప్పరా ఇక. మూడో గిన్నె దాకా నోరు విప్పనివాడు అప్పుకైనా వస్తాడు, తప్పు ఒప్పుకోడానికైనా వస్తాడు."

టోల్కున్ మొదలుపెట్టబోయింది. అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు కాదు. ఇచ్చినవాడు మాట్లాడాలి."

మాట్లాడాను. "సైరా ఫోన్ నీకు ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది. అందులో ఆమె పాటలున్నాయి. ఫోన్ తిరిగి ఇవ్వమనను. పాటలు పలకలోకి ఎక్కించుకోనివ్వు."

ఇంతే. ఇంతకే వీపు తడిసింది.

అక్క మూడో గిన్నె నా చేతిలో పెట్టింది. "ఫోన్ నీది కాదు, నాది. అది నీ చేతికి ఇవ్వను. పాట అంటావా, అది గాలి. గాలిని నేనెప్పుడు తీసుకున్నాను?" అని కోడల్ని కేకేసింది. "నురీలా! ఆ ఫోన్ పట్రా!"

నురీలా ఫోన్ తుడుచుకుంటూ తెచ్చింది. "ఇదొక దరిద్రపు ఫోను మామయ్యా. ఇచ్చిన రోజునుంచీ జాగా లేదంటుంది. పాత వీడియోలు, బొమ్మలు, పొడుగు పొడుగు రికార్డింగులు, బరువైనవన్నీ చెరిపేశా. అయినా జాగా లేదనే అంటుంది."

ఎగువ కట్టిన కుక్క మొరుగుతోంది. నా చేతిలో గిన్నె ఉంది. దాన్ని కింద పెట్టడం తెలియలేదు.

"రికార్డింగులు కూడానా?" అన్నది టోల్కున్.

"మొదట అవే చెరిపా. గంటలకొద్దీ ఉన్నాయి. గొర్రెల అరుపులు."

అక్క కోడలి భుజం మీద ఒక్కటి వేసింది. "చచ్చినదాని గొంతే అది! గొర్రెలట, గొర్రెలు!"

"నాకేం తెలుసత్తా? నాకెవరు చెప్పారు?"

ఆ మాటకు నేను తల దించాను. చెప్పవలసినవాణ్ణి నేనే.

టోల్కున్ మాత్రం ఫోన్ అందుకుంది. "వదినా, చెరిపినా జాగా రాలేదన్నావు. నిజమేనా? కొంచెం కూడా రాలేదా?"

"చుక్క కూడా రాలేదు."

"అయితే పోలేదు."

"ఏం పోలేదు?"

"చెరిపినవి ముప్పై రోజులు చెత్తబుట్టలో ఉంటాయి. అది ఖాళీ చేస్తేనే జాగా వస్తుంది. నువ్వు ఖాళీ చేశావా?"

"అలాంటి బుట్ట ఉందని ఇప్పుడు నువ్వంటే వింటున్నా!"

టోల్కున్ రెండుసార్లు నొక్కింది. మూడోసారి నొక్కి ఫోన్‌ను నా కళ్ళ ముందు పెట్టింది. కళ్ళజోడు లేదు. అంకెలు మసక.

"చదువు" అన్నాను.

"పంతొమ్మిది పాటలు నాన్నా. ఇంకా మూడు రోజులు గడువుంది."

నేను గిన్నె కింద పెట్టాను. బాత్మా అక్క రెండు చేతులూ మొహం మీదుగా జార్చి ఆమీన్ అన్నది. నురీలా ఏడుస్తూ నవ్వింది. "చూశావా అత్తా, నాకు తెలివి లేకపోవడమే మంచిదయింది!"

"ఔనే, ఈ ఒక్కసారికి. అలవాటు చేసుకోకు."

గుడారం పైన ఎండతో కరెంటు ఇచ్చే సోలార్ ప్లేటు ఉంది. దాని వైరు డబ్బాకు పెట్టింది టోల్కున్. డబ్బా మరో నోటికి సైరా ఫోన్, ఇంకో నోటికి హెడ్‌ఫోన్లు. అన్నీ కలిసి ఒక్క తోకతో పలకలోకి. మూడింతలు పెట్టి కొన్న డబ్బా చావలేదు. పాటలు ఒక్కొక్కటే ఎక్కాయి. ఒక్కో పాటా ఒక్కో కొండల వరస. పొడుగువి.

"విను నాన్నా."

"చావు ఇంట్లో వాద్యం..."

"ఇది పెద్దమ్మ ఇల్లు. పైగా వాద్యం లేదు. అమ్మే ఉంది."

తగిలించుకున్నాను. మొదట గాలి. తర్వాత కంచె గడియ. తర్వాత సైరా. దగ్గుతోంది. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. నా చెవి లోపల, నా భుజం మీద తల పెట్టి పాడినంత దగ్గరగా. నాలుగు చరణాలయ్యాక ఆగి, ఫోన్‌తో గుసగుసగా అన్నది: "ఉండు పిల్లా, ఆపేస్తున్నా. మీ నాన్న వస్తున్నాడు. నేను పాడితే గొర్రెలు బెదురుతాయంటాడు."

అన్నాను. ఆ మాట అన్నాను. ఒకసారి కాదు.

టోల్కున్ నా మొహం చూసి హెడ్‌ఫోన్లు తియ్యబోయింది. చెయ్యి తోసేశాను. పంతొమ్మిదీ విన్నాను. ఆ తరవాత ఒకటే చెప్పాను.

"గాలి తీసెయ్. దగ్గు తియ్యకు. ఆ చివరి మాట కూడా తియ్యకు."

"వాళ్ళకి ఇచ్చేదాంట్లో ఆ మాట ఉండదులే."

"నీ దగ్గర ఉండనీ."

తిరుగు దారిలో కనుమ మీద సిగ్నల్ దొరుకుతుంది. టోల్కున్ అక్కడ దిగింది. ఒక్కచోట ఉన్న రికార్డింగు లేనట్టేనట, తన పనిలో అది మొదటి పాఠమట. తన ఫోన్‌ను పలకకు జతచేసి పాటలను పైకి, ఎక్కడో ఉండే గిడ్డంగికి పంపడం మొదలుపెట్టింది. మంచి గాలి. రెండు గీతల సిగ్నల్ ఒకటవుతుంది, మళ్ళీ రెండవుతుంది. నేను నా కోటు తీసి పలక చుట్టూ తెరలా పట్టుకుని కూచున్నాను. గుర్రాలు గడ్డి తిన్నాయి. రెండు గంటలు పట్టింది.

"అయిందా?"

"పద్దెనిమిది."

"అయిందా?"

"పంతొమ్మిది. ఇక నా పలక నదిలో పడినా పరవాలేదు."

"ఎనభై నాలుగు వేలది. పడనివ్వకు."

టోల్కున్ నవ్వింది. సైరా పోయిన ఏప్రిల్ తర్వాత అది నవ్వడం ఇదే మొదటిసారి చూశాను. కొండ దిగుతుంటే నా ఒళ్ళు తేలిగ్గా ఉంది. జీను మీద నిద్ర కూడా పట్టింది.

సంవత్సరీకానికి ఎద్దును కోస్తాను. మాటలు అనేవాళ్ళు అననీ. నన్ను అడగకుండా గుర్రాన్ని అమ్మడం తప్పు, అది తప్పుగానే ఉంటుంది, దానికి క్షమాపణ లేదు. బాత్మా అక్క గుడారంలో నేనేం అడిగానో, ఎలా అడిగానో, హెడ్‌ఫోన్లలో ఏం విన్నానో టోల్కున్‌కు తెలుసు, అక్కకు తెలుసు. అంతవరకే. కనుమ దిగేటప్పుడు టోల్కున్ ఒకసారి ఆ మాట కదిపింది. చెయ్యెత్తి ఆపాను. ఎవరు కదిపినా అంతే. ఆ సంగతి ఇక నా నోట రాదు.