ఎవరి పక్క కాశాం?

దర్జీ కొడుకు చెయ్యి రోలర్ల మధ్య పడ్డప్పుడు నూలు మిల్లు మొత్తంలో ఆ ఒక్క మెషినే ఆగింది. అదీ కాసేపే. కుర్రాణ్ణి గోనెపట్టా మీద మోసుకుపోతుండగానే పెద్దక్క పిడికెడు దూదితో నెత్తురు తుడిచి, మీట నొక్కి, తన మెషినుతో పాటు దాని మీద తెగిన దారాలు కూడా అతకడం మొదలుపెట్టింది.

ఆమెది రాతిగుండె అనుకోకండి. ఆ మిల్లులో అది అలవాటు. ఎవరైనా కళ్ళు తిరిగి పడిపోతే, అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఆ మెషిను ఆగకుండా చూస్తారు. ఆగితే పడ్డవాళ్ళ కూలి కోస్తారు మరి. దాన్నే పక్క కాయడం అంటారు. నొప్పులొచ్చిన ఆడవాళ్ళకి కాశారు, బిడ్డ పోయిన కబురందినవాళ్ళకి కాశారు. వాడంతా పెద్దక్క అని పిలిచే ఈ మనిషి ఎంతమందికి కాసిందో లెక్కే లేదు.

షిఫ్టు దిగి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే అప్పుడు తట్టింది ఆమెకి. ఆ కుర్రాడికి కొయ్యడానికి కూలంటూ ఉంటే కదా! వాడు శిక్షణలో ఉన్నాడు. మరి ఇంతసేపూ తను కాసింది ఎవరి పక్క?

శిక్షణ సంగతి చెప్పాలి. వాడ పిల్లల మీద యజమానిగారికి ఉన్నట్టుండి ప్రేమ పొంగింది. యువజన గ్రాంటు అన్నారు. ఖాళీ గోడౌను హాలయింది. పుస్తకాలొచ్చాయి, కంప్యూటర్లొచ్చాయి, బాక్సింగ్ గ్లౌజులూ నేర్పడానికి ఓ మాస్టారూ వచ్చారు. అబద్ధమెందుకు, మంచి హాలే. మందుకొట్టు ముందు పొద్దుపుచ్చే కుర్రాళ్ళు అక్కడికి చేరారు. పెద్దక్క కూతురు గ్లౌజులు తొడిగిందంటే మగపిల్లలు కూడా ఓ అడుగు వెనక్కి వేసేవాళ్ళు.

పిల్లలకి ఆ హాలు ప్రాణమయ్యాక అసలు షరతు బయటికొచ్చింది. హాలుకొచ్చే ఈడొచ్చిన పిల్లలంతా పొద్దుటిపూట మిల్లులో పని నేర్చుకోవాలి. నేర్చుకునేవాళ్ళకి కూలి ఉండదు. ఒక్కరు మానినా గ్రాంటు అందరికీ రద్దు. ఇదండీ వారి దానం.

కుర్రాడికి దెబ్బ తగిలిన సాయంత్రం వాడంతా హాల్లో పోగయింది.

"మూడు వేళ్ళు పోయాయి," అన్నాడు దర్జీ. "వాడిక సూదిలో దారం కూడా ఎక్కించలేడు. నా కుట్టుమిషను ఎవడికిచ్చి పోను నేను?"

బాక్సింగ్ మాస్టారు లేచాడు. "నా మాట వినండి. ఇప్పుడు నోరెత్తితే హాలు మూసేస్తారు. పిల్లలు మళ్ళీ రోడ్డున పడతారు."

"నీ జీతం పోతుందని చెప్పు మాస్టారూ," అని ఎవరో వెనకనుంచి విసిరారు.

"పోతుంది! నాకూ పెళ్ళాంబిడ్డలున్నారు. మీరు మాత్రం ఏం చేశారు? మెషిను ఆగకుండా చూసుకోలేదూ?"

ఆ మాట పెద్దక్కకి చెంపదెబ్బలా తగిలింది. అంతలో కూతురు పక్కకొచ్చి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, రేపట్నుంచి ఆ మెషిను మీద నన్ను నిలబెడతారంట."

"నువ్వెళ్ళేది లేదు!"

"వెళ్ళకపోతే అందరి నోట్లో మట్టి కొట్టినదాన్నవుతానే. ఈ హాలు తప్ప మాకింకేముందమ్మా?"

పెద్దక్క ఆ చెయ్యి వదల్లేదు. గుద్దిగుద్ది కాయలు కాసిన చెయ్యి అది. హాలు కావాలి, ఆ వేళ్ళూ కావాలి. రెండూ ఇచ్చే దారి ఆమెకి ఎటు చూసినా కనిపించలేదు. ఏడుపాగక ఆ చెయ్యి మొహానికి ఆనించుకుంది. సభ ఏమీ తేల్చకుండానే లేచిపోయింది.

మర్నాడు గ్రాంటు చూపించడానికి యజమాని అతిథుల్ని వెంటబెట్టుకుని మిల్లులోకొచ్చాడు. కెమెరాలు, చప్పట్లు. ఆ మెషిను ముందు కూతురు కొత్త బనీను వేసుకుని, దాని మీద కంపెనీ బొమ్మతో నిలబడి ఉంది. "మా యువతరం!" అన్నాడు యజమాని. మేస్త్రీ సైగ చేశాడు, పిల్ల చెయ్యి తిరుగుతున్న రోలర్ల మీది నూగు తియ్యడానికి వెళ్ళింది.

పెద్దక్క పరుగున వెళ్ళి ఆ రెక్క పట్టుకుని ఇవతలికి లాగింది. తన మెషినునీ వదిలేసింది.

"ఈ పిల్ల ఇక్కడ పనిచెయ్యదు. ఏ పిల్లా చెయ్యదు. ముందు మూడు వేళ్ళకి జవాబు చెప్పండి!"

దారాలు తెగడం మొదలైంది. ఒకటి, ఇంకొకటి, ఆపైన గంపలకొద్దీ దూది గాల్లోకి లేచింది.

"పక్క కాయండే! చూస్తారేంటి, కాయండి!" అని మేస్త్రీ గొంతు చించుకున్నాడు.

ఎడమపక్క మనిషి పెద్దక్క మొహంలోకి చూసింది. ఆ మనిషికి ఇంట్లో మంచాన పడ్డ మొగుడున్నాడు. అయినా చేతులు కట్టుకుంది. కుడిపక్క మనిషీ కట్టుకుంది. వరస వరసంతా చేతులు కట్టుకుని నిలబడింది. అతిథులు ముక్కుకి గుడ్డలడ్డం పెట్టుకుని బయటికి నడిచారు.

పోలీసులొచ్చారు. యంత్రాలు పాడుచేసిందని పెద్దక్కని జుట్టు పట్టి ఈడ్చుకుపోయారు. మధ్యాహ్నానికల్లా యజమాని మాట మీద పోలీసులే వెళ్ళి హాలుకి తాళం వేశారు. కూలి పోయింది, హాలు పోయింది, మనిషి లోపలుంది. వాడలో చాలా ఇళ్ళలో ఆ పూట పొయ్యి వెలగలేదు.

పొద్దు వాలేసరికి స్టేషను ముందు అలికిడయింది. పెద్దక్క చిట్లిన పెదవి తుడుచుకుని, ఊచల్లోంచి తొంగిచూసింది. నడిరోడ్డు మీద పిల్లలు బారులు తీరి ఉన్నారు. గ్లౌజులు లేవు. మాస్టారు ఉత్త అరచేతులు అడ్డం పెడుతుంటే కూతురు గుద్దుతోంది. దర్జీ కొడుకు చేతికట్టుతోనే వచ్చి, గట్టిగా గుద్దులు లెక్కపెడుతున్నాడు. వాళ్ళ వెనక మిల్లు జనం రోడ్డు నిండా కూర్చున్నారు.

ఇన్‌స్పెక్టరు విసుగ్గా లోపలికొచ్చాడు. "నువ్వు చెబితే వింటారటగా. ఆ మందని పొమ్మని చెప్పు. నిన్నూ వదిలేస్తాను."

"ఎక్కడికి పొమ్మంటారు సార్?" అంది పెద్దక్క. "వాళ్ళ హాలుకి తాళం వేసింది మీరే కదా. ఇక రోజూ ఇక్కడికే వస్తారు."