ఆషాఢంల రెండో ఆల్బం

వసంతలక్ష్మికి అల్లుని మీద కోపం లేదు. కోపమంత ఆ రెండో ఆల్బం మీదనే.

మొదటి ఆల్బం అప్పుడు ఆమెకేం ఫికర్ లేకుండె. బిడ్డ హరిత పాడుతది, విజేందర్ గిటారు కొడతడు, పక్కింటి లాల్ బీ మనుమడు రియాజ్ డ్రమ్ములు బాదుతడు. బ్యాండుకు ‘పల్లేరుకాయలు’ అని పేరు పెట్టుకున్నరు. గదేం పేరో ఆ దేవునికే తెల్వాలె! అయినా పాటలు ఫోన్లల్ల మస్తు తిరిగినయి. ఆ పాటల నడుమనే హరిత, విజేందర్ ఒకరికొకరు నచ్చిన్రు, మొన్న ఎండకాలం పెండ్లయింది. పిల్లగాడు తిరుమలగిరోడు, నెమ్మదస్తుడు.

“మొదటిది ఎవలన్న చేస్తరమ్మా, రెండోదాన్లనే మా సంగతి తెలుస్తది” అని హరిత ఒకటే పాట. కొత్తకోటల రియాజ్ వాళ్లింటి వెనకర్రల గోడలకు బొంతలు కొట్టి స్టూడియో చేసిండు. వాయించుడంత అయిపోయింది, హరిత గొంతొక్కటే మిగిలింది. ముగ్గురు చదువుకున్నోళ్లే, గాని ఒక్కరన్న క్యాలెండర్ సూసిన్రా? పెట్టుకున్నది ఆషాఢంల! కొత్త పెండ్లికూతురు తల్లిగారింట్ల ఉండే నెల. అల్లుడు అత్త గడప తొక్కొద్దు, మొగుడు పెండ్లాం ఒక్కకాడ ఉండొద్దు.

“రియాజ్ వాళ్లిల్లు అత్తగారిల్లు కాదు గదమ్మా,” అన్నది హరిత.

“నువ్వు గా అర్రలకు పోయినవంటె నేను బువ్వ ముట్ట,” అన్నది వసంతలక్ష్మి.

ఆఖరికి రియాజే తొవ్వ తీసిండు. రెండిండ్ల నడుమ గోడ మీదికెల్లి వైరు గుంజి, మైకు తెచ్చి వసంతలక్ష్మి మగ్గం అర్రల పెట్టిండు. అటు రియాజ్ వాళ్లింట్ల దిగిన విజేందర్ హెడ్‌ఫోన్లు పెట్టుకొని ఇంటడు, ఇటు హరిత పాడుతది. సప్పుడు పాటల పడొద్దని మగ్గం బందు. బజారోళ్లంత నవ్విన్రు. నవ్వనీ!

గాని పాటలు అయిపోంగనే హరిత హైదరాబాద్ పోతదట, మొగని కిరాయి రూముకు. “ఆడ అత్త లేదు, మామ లేదు, ఇంగ ఆషాఢం ఎవలికమ్మా?” అంటది.

తెల్లారి హరిత తానానికి పోయిన యాళ్ల లాల్ బీ వచ్చి మగ్గం అర్రల కూసున్నది. “ఏందే వసంతా గీ పంచాయితి? నీ పెండ్లైన యాడాది ఆషాఢంల నువ్వు మొగనితోని వనపర్తి సినిమాకు పోలేదా? నీ నాయినకు అబద్ధం చెప్పింది నేనే గదనే!”

వసంతలక్ష్మి నవ్వబోయింది, ఏడుపొచ్చింది. “ఆషాఢం ఎవలికి గావాలె లాల్ బీ? ఇంటర్ కాడికెల్లి హాస్టలే. ఎన్క నౌకరి, ఎన్క పెండ్లి. నా బిడ్డ నా పక్కల పండుకొని ఎన్నేండ్లాయె? గీ ఒక్క నెలన్న ఉంటదనుకున్న. ఉండు బిడ్డా అని అడుగుదమంటె నోరొస్తలేదు. అందుకే గడప, గిడప అని అడ్డం పెట్టిన.”

లాల్ బీ కొంగుతోని ఆమె కండ్లు తుడిచింది.

ఆ నాటికెల్లి పాట తెగుతలేదు. హరిత పాడుడు, గోడ అవుతలకెల్లి విజేందర్ “ఇంకొక్కసారి” అనుడు. ఒకనాడు శ్రుతి తగ్గిందంటడు, ఒకనాడు కోడి కూసిందంటడు. “పెండ్లైనంక నీకు చెవుడొచ్చిందా ఏంది?” అని హరిత మొత్తుకుంటది. పొద్దూకినంక తల్లి పక్కల పడి, ఏ పాట ఎట్ల పుట్టిందో ముచ్చట చెప్తది. వసంతలక్ష్మి ఊకొడతది. వారం పోయింది, ఇంకో వారం పోయింది. పాటలన్ని ఆమెకు నోటికొచ్చినయి.

అందుకే అనుమానమొచ్చింది. బిడ్డ యాడ తప్పు పాడుతలేదు. గీ పిల్లగాని తిక్కతోని ఆల్బం ఆగమైతే హరిత ఏంగావాలె? బిడ్డ అంగడికి పోయింది సూసి గోడ కాడికి పోయింది.

“అల్లుడా, పాట మంచిగనే ఉన్నది గద. పిల్లను ఎందుకు సతాయిస్తున్నవ్?”

అవుతల గిటారు ఆగింది.

“మొదటిసారే మంచిగొచ్చినయి అత్తమ్మా. అన్ని ఎప్పుడో అయిపోయినయి.”

“మరి గిదంత ఏంది?”

“ఆనాడు లాల్ బీ అవ్వ వచ్చినప్పుడు మైకు బందు లేదత్తమ్మా. నేను హెడ్‌ఫోన్ల ఇన్న.” మెల్లగ అన్నడు. “శ్రావణం దాక ఏదో ఒక తప్పు పట్టుకుంట. హరితకు చెప్పకున్రి.”

వసంతలక్ష్మికి సిగ్గయింది, ఏడుపొచ్చింది, ఆ పిల్లగాని మొఖం సూడాలని పానం కొట్టుకున్నది. మడిమలు లేపి గోడ మీదికెల్లి తొంగి సూసింది. బక్కవడ్డడు.

“ఎన్ని తప్పులన్న పట్టు బిడ్డా,” అన్నది, “గాని ఇంట్లకొచ్చి బువ్వ తిని పట్టు. గడప సంగతి నేను సూసుకుంట.”